ఇసుకలో గుడ్లు... ఎండలో కాపలా

పక్షుల్ని చూడాలంటే చలికాలమే అనుకుంటాం. మన తీరంలో పుట్టి, మన తీరంలోనే పిల్లల్ని సాకే పక్షుల్ని చూడాలంటే మాత్రం రోహిణి కార్తెలో బయల్దేరాలి. నౌపడ ఉప్పు మడుల నుంచి తేలుకుంచి చింతచెట్ల దాకా, సిక్కోలు (శ్రీకాకుళం) తీరంలో ఒక వేసవి రోజు ఇది.

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని సామెత. ఆ ఎండలో మెళ్లో బైనాక్యులర్స్ వేసుకుని సముద్రపు ఒడ్డుకు బయల్దేరతామంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. మామిడికాయ పప్పుతో నాలుగు ముద్దలు తిని పడుకోక పిట్టల కోసం ఈ తిరుగుడేమిటంటారు. పిట్టలు చూసే అలవాటున్నవాళ్లు కూడా పెద్దగా ప్రోత్సహించరు. వాళ్ల లెక్కలో సీజను మార్చితోనే అయిపోయింది. పులికాట్‌కు ఫ్లెమింగోల కోసం జనం వెళ్లేది చలికాలంలో. సూళ్లూరుపేటలో పక్షుల పండుగ జరిగేదీ చలికాలంలోనే. ఆసియాలోని చాలా దేశాలు కలిసి నీటిపక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం 1987 నుంచి నడుస్తోంది. అదీ జనవరిలోనే.

ఈ సంబరమంతా ఎక్కువగా వలస పక్షులకే. అవి రావడం గొప్ప సంగతే, కాదనలేం. అయితే వాటిలో చాలావరకు మన దగ్గరకు వచ్చేది తిండికి, చలి తప్పించుకోవడానికి. గుడ్లు పెట్టేదీ పిల్లల్ని పెంచేదీ వేరే చోట. మన గట్ల మీద, మన ఇసుకలో, మన ఊరి చెట్ల మీద సంసారం చేసే పక్షులు వేరే ఉన్నాయి. తీరంలో నేల మీద గుడ్లు పెట్టే చాలా పక్షులకు ఈ మండుటెండలే పురుటి కాలం. వాటిని ఎవరూ పెద్దగా చూడరు. చూడకపోగా తెలియక తొక్కేస్తుంటారు కూడా.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. రాష్ట్రంలో మరే జిల్లాకూ అంత లేదు. ఉప్పు మడులు, ఇసుక తిన్నెలు, చిత్తడి నేలలు, కొబ్బరి తోటలు, పక్షుల కోసం చెట్లు కొట్టని ఊళ్లు... అన్నీ ఒక్క రోజు ప్రయాణంలో తగులుతాయి. జూన్ మొదటి వారం, మృగశిర ఇంకా ప్రవేశించకముందు, టెక్కలి నుంచి బయల్దేరాం.

తెల్లారేసరికి ఉప్పు మడుల్లో

ఇక్కడ అయిదున్నరకల్లా వెలుగొచ్చేస్తుంది. నౌపడ చేరేసరికే మడుల్లో పని మొదలైంది. ఎండ ముదరకముందే ఉప్పు లాగి గట్టుకు చేర్చాలి. తొలకరి ఎప్పుడు పడుతుందో తెలియదు, పడిందంటే ఆ ఏటికి ఉప్పు పని ముగిసినట్టే. ఉప్పునీటిని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్లిస్తూ, ఎండకు చిక్కబరుస్తూ, చివరి మడిలో గింజ కట్టిస్తారు. మొదటి మడుల్లో నీరు పలుచగా ఉంటుంది. పిట్టలు చేరేది అక్కడే. ఆ నీటిలో సన్న పురుగులూ రొయ్య పిల్లలూ వాటికి కావలసినంత దొరుకుతాయి.

ముందుగా కళ్లబడింది బ్లాక్‌వింగ్డ్ స్టిల్ట్. తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్కలు, గులాబీ రంగు కాళ్లు. ఒంటితో పోలిస్తే ఇంత పొడుగు కాళ్లున్న పక్షి ఫ్లెమింగో తప్ప మరొకటి లేదంటారు. చలికాలంలో గుంపులుగా కనిపించే ఈ పక్షులు ఇప్పుడు జంటలుగా ఉన్నాయి. గట్టు వారన చితుకులూ ఎండు గడ్డీ పోగేసి గూడు కడతాయి. మడిలో నీరు పెరిగితే మరికొన్ని పుల్లలు తెచ్చి గూటిని ఎత్తు చేసుకుంటాయి. మనిషి దగ్గరకు వస్తే గుడ్లు లేని చోట కూర్చుని పొదుగుతున్నట్టు నటించడం వీటికి వెన్నతో పెట్టిన విద్య.

మడి అంచున నిలబడ్డ గుడ్డి కొంగను చలికాలంలో చూసినవాళ్లు ఇప్పుడు గుర్తుపట్టలేరు. మట్టి రంగు పోయి వీపంతా ముదురు ఎరుపుకు తిరిగింది. తెల్ల కొంగకు తల వెనుక రెండు సన్నటి ఈకలు వేలాడుతున్నాయి. వీపు మీద కుచ్చులాంటి ఈకలు వచ్చాయి. ఈ పెళ్లి ముస్తాబే ఒకప్పుడు కొంగల ప్రాణం తీసింది. ఐరోపాలో ఆడవాళ్ల టోపీలకు ఈ ఈకలు కావాలని ఇక్కడి కొంగల్ని వేలకు వేలు చంపారు. 1902లో బ్రిటిష్ ప్రభుత్వమే భారతదేశం నుంచి ఈకల ఎగుమతిని నిషేధించాల్సి వచ్చింది.

ఫొటో కోసం గట్టెక్కబోతుంటే ఉప్పు లాగుతున్న ఒక పెద్దావిడ కేకేసింది.

“బాబూ, ఆ గట్టెక్కకండి. తీతువు గుడ్లెట్టినాది.”

“ఎక్కడమ్మా?”

“మీ కాళ్ల ముందరేనండి. సూసుకోండి.”

రెండు బారల దూరంలో ఉన్నాయి గుడ్లు. నాలుగు. గూడంటూ ఏమీ లేదు. మట్టిలో చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, ఎండిన మట్టి పెళ్లలు. గుడ్ల సన్న కొసలు నాలుగూ గుంట మధ్యకు తిరిగి ఉన్నాయి. మట్టి రంగు పెంకు మీద నల్లటి మచ్చలు. చూపు పక్కకు తిప్పి మళ్లీ చూస్తే ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సిందే.

తడిసిన పొట్టతో పరుగు

వెనక్కి వచ్చి, దూరంగా ఉప్పు కుప్ప చాటున కూర్చున్నాం. కాసేపటికి తీతువు తిరిగొచ్చింది. పసుపు కాళ్లు, కంటి ముందు ఎర్రటి తోలు, నల్లటి గొంతు. నేరుగా గుడ్ల దగ్గరకు రాలేదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాకే వచ్చింది. గుడ్ల మీద కూర్చోలేదు, వాటికి అడ్డంగా నిలబడింది. రెక్కలు కొద్దిగా వదులు చేసి గుడ్ల మీద నీడ పడేలా నిలిచింది.

పొదగడమంటే వెచ్చబెట్టడమే అనుకుంటాం. ఈ కాలంలో ఈ నేల మీద తల్లికి ఉన్న పని గుడ్లను చల్లగా ఉంచడం. ఎండ నేరుగా తగిలితే లోపలి పిల్ల ఉడికిపోతుంది. నీడ చాలనప్పుడు తీతువు ఇంకో పని చేస్తుంది. తొమ్మిది దాటాక అదీ చూశాం. జంటలో రెండోది వచ్చి కాపలాకు నిలబడగానే మొదటిది పక్క కాలువలోకి దిగింది. నీటిలో పొట్ట ఆనించి అటూ ఇటూ ఊగింది. పొట్ట ఈకలు పూర్తిగా నానాక లేచి గబగబా నడుచుకుంటూ వచ్చి తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. ఎండ ముదిరిన కొద్దీ ఈ రాకపోకలు పెరిగాయి. తీతువు గుడ్లు పిల్లలు కావడానికి 28 నుంచి 30 రోజులు పడుతుంది. అన్నాళ్లూ ఇదే కాపలా.

ఇప్పుడు ఆ గట్టు మీద మనం ఫొటోల కోసం పావుగంట నిలబడ్డామనుకోండి. తల్లి గాల్లో తిరుగుతూ అరుస్తుంది, మనం ఫొటోలు తీసుకుంటాం, గుడ్లు ఎండలో ఉంటాయి. ఒక్క గుడ్డునూ ముట్టుకోకుండానే నాలుగు ప్రాణాలు తీయొచ్చు. వేసవిలో పక్షుల్ని చూడబోయేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

తీతువు రాత్రిపూట అరిస్తే చావు కబురు వస్తుందని మన ఊళ్లలో భయం. ఆ పిట్ట అరిచేది ఊళ్లో ఎవరో పోతారని కాదు, కుక్కో నక్కో తన గుడ్ల వైపు వస్తోందని. ఆ భయంతో ఎవరెన్ని మాటలన్నా, ఉప్పు మడుల్లో పనిచేసే ఆ పెద్దావిడ మాత్రం గుడ్లున్న గట్టును వదిలి చుట్టు తిరిగి నడుస్తోంది.

తీరాన గుడ్లు పెట్టిన తీతువు కథ మనకు కొత్తేమీ కాదు. పంచతంత్రంలో మిత్రభేదంలో ఉంది. సముద్రపు ఒడ్డున టిట్టిభ పక్షి పెట్టిన గుడ్లను సముద్రుడు లాక్కుపోతాడు. పక్షులన్నీ గరుత్మంతుడితో మొరపెట్టుకుంటాయి, సంగతి విష్ణుమూర్తి దాకా వెళుతుంది, సముద్రుడు దిగివచ్చి గుడ్లు తిరిగిస్తాడు. కథ రాసినవాళ్లకు ఆ పక్షి అలవాటు బాగా తెలుసు. తీరంలో గుడ్లకు ముప్పు ఎటునుంచి వస్తుందో కూడా తెలుసు. ఈ రోజుల్లో ముప్పు సముద్రం వైపు నుంచే కాదు, రోడ్డు వైపు నుంచి కూడా వస్తోంది.

పడవలు ఒడ్డెక్కిన వేళ

నౌపడ నుంచి భావనపాడు తీరానికి ఎంతో దూరం లేదు. మర పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టే కాలమని ఈ విరామం. పడవల నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు మత్స్యకారులు. పైన గరుడ పక్షి, తెల్లటి తల, ఇటుక రంగు రెక్కలతో గింగిరాలు కొడుతోంది. వేట ఉన్న రోజుల్లో పడవలు తెచ్చే చేపల కోసం ఇక్కడే కాచుకుని ఉంటుంది. ఇప్పుడు దానికీ గిరాకీ లేదు.

నీటి అంచున రెండు వింబ్రెల్ పక్షులు కిందికి వంగిన పొడుగు ముక్కులతో పీతల బొరియల్ని గాలిస్తున్నాయి. జూన్‌లో ఇవి ఇక్కడ ఉండకూడదు. పెద్దవన్నీ ఉత్తరాన ఉన్న చలి దేశాలకు ఎప్పుడో వెళ్లిపోయాయి. గుడ్లు పెట్టే వయసు రాని కుర్ర పక్షులు కొన్ని అంత దూరం ప్రయాణం పెట్టుకోకుండా మొదటి వేసవి మన తీరంలోనే గడిపేస్తాయి. వలస పక్షుల్లోనూ వేసవిని మనతో గడిపేవి ఉన్నాయన్నమాట.

అలల మీద ఒకచోటే రెక్కలాడిస్తూ నిలబడి, ఉన్నట్టుండి నిట్టనిలువునా నీటిలో పడే తెల్ల పక్షి లిటిల్ టెర్న్. పసుపు ముక్కు, నుదుట తెల్ల మచ్చ. మన గుప్పెడంత పిట్ట. మగది చేప పట్టి తెచ్చి ఆడదానికి అందిస్తేనే పెళ్లి కుదురుతుంది. ఇదీ వేసవిలోనే ఇసుక మీద రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఉత్త ఇసుకలో చిన్న గుంట, అంతే. పోటు వచ్చినా అల అందని మేర చూసుకుని పెడుతుంది. ప్లవర్ పిట్టలదీ ఇదే పద్ధతి. దగ్గరకు వెళితే రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మనల్ని గుడ్లకు దూరంగా లాక్కుపోతాయి.

ఈ ప్లవర్లలో 2023లో ఒక కొత్త సంగతి తేలింది. శ్రీలంకలో, దక్షిణ భారత తీరంలో గుడ్లు పెట్టే ఒక ప్లవర్‌ను అప్పటిదాకా కెంటిష్ ప్లవర్‌లో ఒక రకంగా లెక్కేసేవారు. జన్యువులూ కొలతలూ పోల్చి చూసి అది వేరే జాతి అని శాస్త్రవేత్తలు తేల్చారు. దానికి హనుమాన్ ప్లవర్ అని పేరు పెట్టారు. మన బీచ్‌ల మీద అందరి కళ్ల ముందు తిరిగే పిట్ట ఏ జాతిదో తేలడానికి ఇంతకాలం పట్టింది. దగ్గర్లో ఉన్నవాటిని మనం ఎంత తక్కువ చూస్తామో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అల అందని ఆ పొడి ఇసుక మేరే మోటారు సైకిళ్లు తిరిగే దారి, కుక్కలు పడుకునే చోటు, సెలవు రోజుల్లో కుర్రాళ్లు క్రికెట్ ఆడే మైదానం. నీళ్లలో గుడ్లు పెట్టే చేపలకు 61 రోజుల విరామం ఇచ్చాం. సరిగ్గా అవే రోజుల్లో ఒడ్డున గుడ్లు పెట్టే పక్షులకు అలాంటి విరామం లేదు. చట్టం లేక కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లు చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తాయి. గూడు ఎక్కడుందో తెలిస్తే కదా కాపాడటం. ఇంగ్లండ్‌లో లిటిల్ టెర్న్ గుడ్లు పెట్టే తీరాల్లో వేసవి అంతా తాళ్లు కట్టి, కాపలా మనుషుల్ని పెడతారు. మనకూ ఆ పని తెలియనిది కాదు. ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను ఏరి, కంచె వేసి, పిల్లలయ్యాక సముద్రంలోకి వదిలే కేంద్రాలు మన తీరంలో ఏటా నడుస్తూనే ఉన్నాయి.

బీల, తంపర

పదకొండు దాటాక గుడ్లకు కాపలా ఉన్నవి తప్ప తీరంలో పక్షీ ఉండదు, మనిషీ ఉండలేడు. తేలినీలాపురం చింతచెట్ల కిందికి చేరాం. అక్టోబరు నుంచి మార్చి దాకా ఈ చెట్ల మీద గూడబాతులూ పెయింటెడ్ స్టార్క్‌లూ కిక్కిరిసి ఉంటాయి. ఇప్పుడు కొమ్మల మీద ఖాళీ గూళ్లు, నేల మీద రెట్ట మరకలు మిగిలాయి. పిల్లలు ఎగరడం నేర్చాక అవి చెరువుల వెంట చెదిరిపోతాయి. కోకిల, గోరింక, కాకి ఇప్పుడా చెట్ల యజమానులు.

చలికాలంలో ఇక్కడ గూళ్లు కట్టే ఆ గూడబాతులకూ స్టార్క్‌లకూ తిండి పెట్టేది చుట్టుపక్కల చిత్తడి నేలలు. కాకరాపల్లి వైపు వాటిని తంపర అంటారు, సోంపేట వైపు బీల అంటారు. వాన నీరు నిలిచి, చేపలూ గడ్డీ వరీ పండి, వందల కుటుంబాలకు కూడు పెట్టే నేలలివి. కాగితాల మీద మాత్రం పనికిరాని బంజర్లు. థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దంటూ సోంపేట బీల కోసం, కాకరాపల్లి తంపర కోసం జనం ఏళ్లపాటు పోరాడారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సోంపేటలో ప్లాంటు రాలేదు, బీల మిగిలింది. ఆ పోరాటం పక్షుల కోసం మొదలైంది కాదు. తమ కూటి కోసం నిలబడిన మత్స్యకారులూ రైతులే పక్షుల మేతనూ నిలబెట్టారు.

జాతీయ రహదారి మీద పలాస దాటితే ఉద్దానం. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరినీ జీడినీ పడుకోబెట్టింది. పడిన చెట్లలో పక్షులు గూళ్లు కట్టుకునే పెద్ద చెట్లూ ఉన్నాయి. కొబ్బరి మొక్క నాటితే కొన్నేళ్లకు కాపుకొస్తుంది. పదుల సంఖ్యలో గూళ్లు మోసే చింతచెట్టుకు ఒక తరం పడుతుంది.

సైబీరియా నుంచి కాదు

సాయంత్రానికి ఇచ్ఛాపురం మీదుగా తేలుకుంచి. ఊరి మధ్యలో చెట్ల మీద అప్పుడే కొన్ని కొంగలు దిగాయి. బూడిద రంగు కలిసిన తెలుపు, నల్లటి రెక్కల అంచులు, మూసినా మధ్యలో సందు మిగిలే ముక్కు. నత్తగుల్ల కొంగలివి. తొలకరితో పాటు జూన్‌లో వచ్చి, గూళ్లు కట్టి, పిల్లల్ని చేసి, చలికాలం మొదట్లో పిల్లలతో సహా వెళ్లిపోతాయి. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు ఊరివాళ్లు. కొంగలొస్తే వానలొస్తాయని నమ్మకం. రెట్ట వాసనకు ముక్కు మూసుకుంటారే తప్ప రాయి విసరనివ్వరు.

ముక్కులోని ఆ సందు నత్తను అడకత్తెరలా పగలగొట్టడానికని చాలాకాలం అనుకున్నారు. 1960లో ఈ ముక్కుల్ని పరిశీలించిన జూలియన్ హక్స్‌లీ కూడా అదే మాటన్నాడు. తర్వాతి పరిశీలనల్లో ఆ ఊహ సరికాదని తేలింది. కొంగ నత్తగుల్లను ముక్కుతో అదిమిపట్టి, కింది ముక్కు కొసను లోపలికి దూర్చి, కండను కోసి బయటకు లాగేస్తుంది. గుల్ల చాలాసార్లు చెక్కు చెదరదు. పిల్ల కొంగల ముక్కుకు ఈ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది.

తేలుకుంచిలోనూ తేలినీలాపురంలోనూ ఎవర్ని అడిగినా ఇవి సైబీరియా నుంచి వచ్చాయంటారు. పత్రికల్లోనూ అలాగే రాస్తుంటాం. నత్తగుల్ల కొంగ సైబీరియా ముఖం చూడదు. అది భారత ఉపఖండానిదీ ఆగ్నేయాసియాదీ. అలాగని ఇంటిపట్టున ఉండే రకమూ కాదు. థాయ్‌లాండ్‌లో కాలికి ఉంగరం తొడిగిన కొంగ 1,500 కిలోమీటర్ల దూరంలో బంగ్లాదేశ్‌లో దొరికింది. వానలు ఎక్కడుంటే, నత్తలు ఎక్కడుంటే అక్కడికి వెళుతుంది. గూడబాతు, పెయింటెడ్ స్టార్క్ కూడా మన పక్షులే. సైబీరియా అతిథులని పిలిచి గౌరవించడంలో ఒక చిక్కుంది. అతిథి వెళ్లిపోయాక మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం. ఇవి మనవే అని తెలిస్తే, అవి లేని నెలల్లో కూడా ఆ చెట్టునూ చెరువునూ చూసుకోవాల్సి వస్తుంది.

మీరూ వెళ్తారా?

వేసవి పక్షుల్ని చూడటానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. 8x42 రకం బైనాక్యులర్స్ చాలు. తెల్లవారి అయిదున్నర నుంచి తొమ్మిది వరకు, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత... ఇదే వేళ. టోపీ, నీళ్లు, మజ్జిగ తప్పనిసరి. ముదురు రంగు బట్టలు వద్దు. పోటు తగ్గుతున్న వేళ చూసుకుని వెళితే బయటపడ్డ బురదలో పక్షులు మేతకు దిగుతాయి. ఉప్పు మడుల్లోకి వెళ్లేముందు అక్కడ పనిచేసేవాళ్ల అనుమతి అడగండి. ఏ గట్టు మీద గుడ్లున్నాయో వాళ్లకంటే బాగా ఎవరికీ తెలియదు.

చూసిన పక్షుల జాబితాను ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయండి. మన తీరం నుంచి జనవరి లెక్కలు కుప్పలుగా ఉంటాయి, మే, జూన్ లెక్కలు పలుచగా ఉంటాయి. ఫలానా తిన్నె మీద టెర్న్‌లు గుడ్లు పెడుతున్నాయని కాగితం మీద లేకపోతే, రేపు అక్కడ రోడ్డో రిసార్టో వచ్చినప్పుడు అడ్డు చెప్పడానికి ఆధారం ఉండదు. గూళ్లు కనిపిస్తే ఆ చోటు అందరికీ తెలిసేలా ఫేస్‌బుక్‌లో పెట్టకండి. అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

పక్షుల మీద ఆసక్తి లేకుండా, ఊరికే గాలి కోసం బీచ్‌కు వెళ్లేవారు కూడా వేసవిలో ఒక్క పని చేయొచ్చు. ఏప్రిల్ నుంచి జూలై దాకా ఊరికి దూరంగా ఉన్న తీరాల్లో అల తడిపిన ఇసుక మీదే నడవండి. పొడి ఇసుక మీదకు బండి ఎక్కించకండి, పెంపుడు కుక్కను వదలకండి. తలపైన ఏదైనా పిట్ట అదేపనిగా అరుస్తూ తిరుగుతుంటే ఫోన్ జేబులో పెట్టుకుని, కిందికి చూసుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి నడవండి.